కోర్టు లేచేదాకా

బోయిగూడ ఖాజావలి వ్యానులో ఒకసారి పెళ్లికి వెళ్లినవాళ్లు మళ్లీ ఆయన్నే పిలుస్తారు. గతుకుల రోడ్డు మీద కూడా వెనక సీట్లో పసిపిల్ల నిద్ర చెదరకుండా నడుపుతాడు. ఆయనతో చిక్కల్లా ఒకటే, చెడ్డ కబురు నోట రాదు. టైరు పంక్చరైతే "దిగండి, చాయ్ తాగుదాం" అంటాడు గానీ పంక్చరైందని చెప్పడు.

ఆ గుణమే ఆయన మీదికి వారంటు తెచ్చింది.

ఒక ఉదయం స్టేషను నుంచి కానిస్టేబుల్ ఇంటికి వచ్చాడు. కర్ణాటకలో, బీదర్ అవతల ఒక చిన్న ఊరి కోర్టు ఖాజావలి పేరున అరెస్టు వారంటు పంపిందట. నాలుగేళ్ల కిందట వ్యానులో పరిమితికి మించి జనాన్ని ఎక్కించినందుకు రాసిన కేసు అది. జరిమానా కట్టలేదు. సమన్లు పాత అద్దె ఇంటికి వెళ్లి తిరిగిపోయాయి.

"నువ్వే పోయి జడ్జి ముందర నిలబడు చాచా. పట్టుకపోయేదాక తెచ్చుకోకు," అని చెప్పి కానిస్టేబుల్ వెళ్లాడు.

భార్య అక్బర్ బీ గడప దగ్గరే నిలబడిపోయింది. "జెబా అబ్బా, ఏందిది? నాకు సుత చెప్పలే?"

"బొల్లారం చర్చి పాటలోళ్లను పెళ్లికి తీస్కపోయింది యాదుందా? వాపస్ వస్తుంటే పోలీసులు ఆపిన్రు. ఎనక అందరు ఖుషీగ పాడుకుంటున్నరు. ఎందుకు పరేషాన్ చేసుడని, ఉత్తగ కాయిదాలు చూసిన్రని చెప్పిన. కోర్టంటే భయమై తర్వాత పోనే లేదు."

అక్బర్ బీకి కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆయన వారిస్తున్నా వినకుండా ప్రిసిల్లాకు ఫోన్ చేసింది. ఆ పాటల బృందాన్ని నడిపేది ప్రిసిల్లానే. సంగీతం టీచరుగా రిటైరైనా ఆమె గొంతులో బడి ఇంకా అలాగే ఉంది.

"పన్నెండు సీట్ల బండిల పద్దెనిమిది మందిని కూర్చోబెట్టింది నేను. కాదనడం ఆయనకు వస్తదా? రేపు నేను సుత వస్తున్న," అంది.

కూతురు జెబాకు జ్వరంగా ఉండటంతో అక్బర్ బీ ఇంట్లో ఆగింది. మిగతా ఇద్దరూ బస్సెక్కారు. తనను జైల్లో పెడితే బండి వెనక్కి ఎవరు తెస్తారని ఖాజావలి వ్యాను తీయలేదు.

అక్కడి వకీలు ఒకాయన వారంటు రద్దుకు దరఖాస్తు వేశాడు. పేరు పిలిచారు. జడ్జి నడివయసు ఆవిడ. కన్నడంలో మొదలుపెట్టి, ఈయన ముఖం చూసి హిందీలోకి మారింది.

"తప్పు ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటున్న మేడమ్."

"ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు?"

"భయమైంది మేడమ్."

వెనక ప్రిసిల్లా లేచి నిలబడింది. "మేడమ్, అంతమందిని ఎక్కించింది నేను."

"బండి నడిపింది మీరా?"

"కాదు."

"అయితే కూర్చోండి."

హాలంతా నవ్వింది. జడ్జి కూడా పెదవులు బిగబట్టుకుంది. వారంటు రద్దు చేసి, జరిమానా కట్టమంది. పైగా ఆ రోజు పని ముగిసి కోర్టు లేచేదాకా అక్కడే కూర్చోవాలి. అదే శిక్ష.

జరిమానా కట్టి వచ్చి ఖాజావలి మూల బెంచీ మీద కూర్చున్నాడు. పక్కనే ప్రిసిల్లా.

"మీరు పొండి మేడమ్. మీకెందుకు తక్లీఫ్?"

"ఆ రోజే చెప్పి ఉంటే తలా ఇంత వేసుకొని అప్పుడే కట్టేటోళ్లం కదా ఖాజాభాయ్. మేం పరాయోళ్లం అనుకున్నరా?"

ఖుషీగా ఉన్నవాళ్లను అలాగే ఉండనివ్వడం తన మంచితనమనే ఖాజావలి ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఆమెకు అది నొప్పి కలిగిస్తుందని తోచనే లేదు. కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. కాసేపటికి ప్రిసిల్లా సన్నగా ఏదో పాట కూనిరాగం తీసింది. బంట్రోతు కళ్లెర్రజేస్తే ఆపేసింది. సాయంత్రం జడ్జి లేచి వెళ్లాకే ఇద్దరూ బయటికి వచ్చారు.

మర్నాడు పొద్దున్నే స్టేషనులో ఉత్తర్వు నకలు ఇచ్చి ఖాజావలి ఇల్లు చేరాడు. అక్బర్ బీ చాయ్ ఇచ్చి, కోర్టులో ఏమైందని అడిగింది.

"ఏం లేదు, అంత ఖైరియత్..." అంటూ మొదలుపెట్టి ఆగాడు. కప్పు కింద పెట్టాడు. పేరు పిలిచినప్పుడు ఎంత భయమేసిందో, పారిపోదామని ఎన్నిసార్లు అనిపించిందో మొదటి నుంచీ చెప్పసాగాడు. అక్బర్ బీ పొయ్యి ఆపి, వచ్చి పక్కన కూర్చుని వింది.