చదరం కంతలో గుండ్రం బిళ్ళ

మంగళవారం మధ్యాహ్నం హిందూపురంలో రేకు డబ్బాలు చేసే మా షెడ్డులో పని చేసుకుంటుంటే, ధర్మవరం నుంచి చీరల మూటతో దిగిన ఒకాయన గుమ్మంలో నిలబడి, “ఏమప్పా, మీ అవ్వ పొయ్యింది. పొద్దున లేపితే లేయలేదంట” అన్నాడు. మా అమ్మను కన్న అవ్వ ఆమె.

సెలవడిగితే మేస్త్రీ, “ఏం పని చేసేది మీ అవ్వ?” అన్నాడు.

“చిన్నపిల్లలకు ఏది గుండ్రమో, ఏది మూలో నేర్పేది.”

“అదీ ఒక పనేనా?” అని నవ్వాడు.

రేకు కోసే కత్తెర కిందపెట్టి వచ్చేశాను. ఇంకొక్క క్షణం ఉంటే నోరు జారేవాణ్ణి. ఆయనకు ఇవ్వాల్సిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. వేలిముద్ర తప్ప సంతకం తెలియని మనిషి గురించి ఎవరూ రాయరు. రెండేళ్ళు కూడా సరిగ్గా బడికి పోని నేనే రాయాలి. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

ధర్మవరంలో ఆమె ఉండే వీధి పొడుగునా మగ్గాలే. మగవాళ్ళు నేస్తుంటే ఆడవాళ్ళు దారం చుట్టాలి. నడక వచ్చీరాని పిల్లలు ఆ దారాల్లో పడి చిక్కులు చేస్తారు. అందుకని పొద్దున్నే తెచ్చి అవ్వ ఇంట్లో దించేవాళ్ళు. నా భార్య హిందూపురంలో పట్టుగూళ్ళు ఉడికించి దారం తీసే పనికి పోతుంది. ఆ వేడినీళ్ళ దగ్గర పిల్లను పెట్టుకోలేక, రెండేళ్ళ మా పాపను కూడా అవ్వ దగ్గరే ఉంచాం. వారానికొకసారి నేను పోయి చూసి వచ్చేవాణ్ణి.

అవ్వ జొన్నరొట్టె తడుతూ తలా ఒక పిండిముద్ద ఇచ్చేది. రొట్టె గుండ్రంగా వస్తే పిల్లల చేత దాని అంచు చుట్టూ వేలు తిప్పించేది. “యాడన్నా ఆగిందా వేలు? ఆగల్యా? సరే.” తర్వాత చిరిగిన పట్టుచీర తెచ్చి, అంచులో గోపురాల్లా మూడు మూలలుగా నేసిన కోపుల మీద అదే వేలు నడిపించేది. “ఈడ ఆగింది సూడు. ఈడ మళ్ళీ తిరగల్ల.” గిన్నె మూత, అగ్గిపెట్టె, మూడు మూలలుగా మడిచిన గుడ్డ ఒక దుప్పటి కింద దాచి, చూడకుండా తడిమి తీయమనేది. ఏది తీసినా సంతోషమే. పేరు మాత్రం చెప్పేది కాదు. అడిగితే, “ముందు చెయ్యి, ఆపైన కన్ను, కడాకు నోరు. నోరు యాడికి పోతాది, వస్తాది లే” అనేది.

నాకు అంత ఓపిక లేదు. తెలుగువాళ్ళకు వేరే రాష్ట్రం వచ్చిన ఏడు మా ఊరి బడిలో అయ్యవారు నల్లబల్ల మీద చదరం గీయమన్నాడు. నాది వంకర పోయింది. “వీనికి బుర్రలో మట్టి” అని పిల్లలందరి ముందు నా చేతిమీద కొట్టాడు. ఆ రోజునుంచి పలకను మళ్ళీ ముట్టలేదు. తర్వాత డబ్బాల మీద అచ్చుకాగితాలు చూసి, చిరిగిన పత్రికలు చూసి నాకు నేనే చదువుకున్నాను. నా బిడ్డను ఎవడూ ఆ మాట అనకూడదని నా పంతం. బడికి పోయేలోగా అన్నీ వచ్చేయాలి, అంతే.

అందుకని షెడ్డులో ఒక డబ్బా చేశాను. మూతకు మూడు కంతలు: గుండ్రం, చదరం, మూడు మూలలది. వాటికి సరిపడే రేకు బిళ్ళలు కోసి, చేతులు తెగకుండా అంచులు లోపలికి మడిచాను. ధర్మవరం తీసుకుపోయి పాప ముందు పెట్టాను. పాప గుండ్రం బిళ్ళ తీసింది. అటూ ఇటూ చూసి చదరం కంతలో వేసింది. టక్కున లోపల పడింది. చప్పట్లు కొట్టింది.

“తప్పు!” అన్నాను. మళ్ళీ అందులోనే వేసింది. ఆ చేతిమీద ఒక దెబ్బ వేశాను.

పాప గుక్కపట్టింది. అవ్వ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది.

“యాడరా తప్పు? పొయ్యింది గదా లోపలికి!”

“చదరం కంతలో గుండ్రం పోకూడదవ్వా.”

“పోగూడదని నీ రేకుకు చెప్పు, బిడ్డకేల చెప్తావు? కంత పెద్దది కోసింది నువ్వు, దెబ్బలు తినేది బిడ్డా? పెద్ద పనోడు బయల్దేరినాడు!”

నిజమే. గుండ్రానికీ చదరానికీ అడ్డంగా ఒకే కొలత పెట్టి, బిళ్ళ వదులుగా పోవాలని చదరం కంతను కాస్త ఎక్కువ కోశాను. పోతుందని నాకంటే ముందు కనిపెట్టింది రెండేళ్ళ పిల్ల. కనిపెట్టినందుకు కొట్టాను. ఏ అయ్యవారిని ఇన్నేళ్ళూ తిట్టుకున్నానో, ఆయన పనే నేను చేశాను.

మరుసటి వారం నేను గడపలో కనిపించగానే పాప రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుంది. నేను లేనప్పుడు చక్కగా ఆడుతుందట. నేనుంటే ఒక్క వస్తువు ముట్టదు. పలక ముట్టని నా రోజులన్నీ కళ్ళముందు తిరిగాయి. నా బిడ్డ నన్ను చూసి చేతులు దాచుకుంటూ పెరుగుతుందా అని భయం పట్టుకుంది.

అవ్వ నాకు నీతులు చెప్పలేదు. నన్ను పిల్లల మధ్య కూచోబెట్టి కళ్ళకు గుడ్డ కట్టింది. “ఈ పొద్దు వీడు ఆడతాడు. సూడండ్రా ఎట్లాడతాడో!” దుప్పటి కింద తడిమాను. రేకులు కోసి కోసి నా వేళ్ళ కొసలు బండబారిపోయాయి. ఏ మూలా సరిగ్గా తెలియలేదు. మూత అనుకుని అగ్గిపెట్టె తీశాను. పిల్లలు పడీపడీ నవ్వారు. మా పాప కూడా నవ్వింది. చేతులు మాత్రం వెనకే ఉన్నాయి.

అయిదు వారాలు అట్లాగే ఆడాను. “ఎన్నాళ్ళవ్వా?” అంటే, “తెగిన రేకుకే టంకం పోస్తానే ఆరతాదా? ఇది బిడ్డరా, నాయనా” అంది. నాతో ఆమె అన్న చివరి మాట అదే. పాప చెయ్యి ముందుకు రావడం చూడకుండానే పోయింది.

అవ్వ దినాల నాడు వీధిలోని తల్లులందరూ పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. ఇకమీదట పిల్లల్ని ఎక్కడ దించాలని ఒకామె ఏడ్చింది. మూడిళ్ళ అవతల దారం చుట్టే పిల్ల, పద్దెనిమిదేళ్ళుంటాయేమో, “మా ఇంటికి తోలండక్కా. నేనూ ఈ అవ్వ పిండిముద్ద పిసికినదాన్నే గదా” అంది. మేస్త్రీ అడిగినదానికి అంతకంటే మంచి జవాబు నాకు తెలియదు.

పాపను మాతోనే తీసుకుని హిందూపురం రైలెక్కాం. పెనుకొండ దాటాక నా భార్య కునుకు తీసింది. కిటికీ చెక్క మీద ఇంజను బొగ్గు నుసి పేరుకుని ఉంది. పాప అందులో వేలు పెట్టింది. నల్లబడిన వేలిని చూసుకుని, చటుక్కున నావైపు చూసింది. నా వేలు కూడా ఆ నుసిలో ఆనించి ఊరికే ఉంచాను.

చాలాసేపు చూసింది. తర్వాత నా వేలిని పిడికిట్లో పట్టుకుని లాగింది. కొంత దూరం పోయి ఆపింది, తిప్పింది. మళ్ళీ ఆపింది, తిప్పింది. రైలు కుదుపుకు గీత వంకర పోయింది. అయినా వదలకుండా, మొదలుపెట్టిన చోటికే నా వేలిని ఈడ్చుకొచ్చి కలిపింది. మూడు మూలలు. వెంటనే దాని పక్కన ఇంకొకటి మొదలుపెట్టింది, నా వేలు పట్టుకునే.