సుగుణక్క రాసిన మధ్యగతం

ఇన్నేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. బరువని ఒప్పుకోలేదు, ఎందుకంటే నా పేరంతా దాని మీదే నిలబడింది. మీరు నన్ను ఎరగరు. అదే నాకు ధైర్యం.

రెండువేల సంవత్సరం తర్వాతి రోజులు. గన్‌ఫౌండ్రీలో మా ఆఫీసు. రక్తపరీక్షల ల్యాబులకు సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లం. రీడింగులన్నిటికీ మధ్యగతం, అంటే వరుసలో పేరిస్తే సరిగ్గా నడుమ నిలిచే అంకె, తీసే ఫంక్షన్ మా డేటాబేస్‌లో లేకపోతే సుగుణక్క సొంతంగా రాసింది. రోజూ సికింద్రాబాద్ నుంచి రైలెక్కి, నాంపల్లిలో దిగి నడిచొచ్చే మనిషి. నాకు పని నేర్పిన మనిషి.

డేటాబేస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చగానే ఆ ఫంక్షన్ తప్పు జవాబులిచ్చింది. పాత, కొత్త ఫలితాల్లో తేడా వస్తే రాసినవాళ్లు అందరి ముందూ లేచి సమాధానం చెప్పాలి, అది మా ఆఫీసు పద్ధతి. అక్క తల పట్టుకుంది. నేను పట్టేశాను! ఖాళీ గడులను పాత వెర్షన్ తనే దాటేసేది, కొత్తది వాటినీ ఫంక్షన్‌కు అందించి లెక్కలో కలిపేస్తోంది. ఖాళీ వస్తే వదిలెయ్యమని ఒక్క మాట చేర్చాను. అన్నీ సరిపోయాయి. ఇప్పటికీ తలచుకుంటే ఛాతీ ఉప్పొంగుతుంది, దాచను.

మేనేజర్ అడిగితే మాత్రం, మారింది వెర్షన్ అని చెప్పలేదు. ఫంక్షనే మొదటి నుంచీ తప్పు, ఇన్నాళ్లూ అదృష్టం కొద్దీ నెట్టుకొచ్చింది అన్నాను. ఎందుకన్నాను? కొత్త టీముకు అక్కను పెద్దను చేస్తారని విన్నాను. అందుకేనా? అందుకే.

సాయంత్రం అబిడ్స్‌లో టీ తాగుతుంటే అక్క అడిగింది.

"నిజం చెప్పు తమ్ముడూ. నేను రాసింది మొదటి సంది తప్పేనా?"

"తప్పేనక్కా."

"గట్లనా... మంచిగ పట్టినవ్‌రా. ఎవరి రిపోర్టన్న ఖరాబైతే నాకు నిద్రే రాకపోతుండె."

నాకు థాంక్స్ చెప్పి, టీ డబ్బులు కూడా తనే ఇచ్చింది. ఆ వారమే అడిగి మరీ ట్రైనింగ్ వైపు వెళ్లిపోయింది. మళ్లీ ప్రోగ్రాం రాయలేదు. టీము నాకొచ్చింది.

తర్వాత ఎన్నో వెర్షన్లు మారాయి. ప్రతిసారీ ఆ ఫంక్షన్‌ను కొత్తవాళ్లకు నా గొప్పగా చూపించాను. అందులో నాది ఒక్క మాట. మిగతా ప్రతి వరుసా ఆమెదే, ఇప్పటికీ ఎక్కడా చెయ్యి పెట్టే పని లేదు. అంత బాగా రాసిన మనిషి దగ్గర పని నేర్చుకున్నానన్నదే నాకు మిగిలిన అసలు గర్వం, దాన్ని పైకి చెప్పుకునే హక్కు నేనే పోగొట్టుకున్నాను.

క్షమాపణ అడగను. ఆ సాయంత్రం అనాల్సిన మాట మాత్రం ఇక్కడ అంటున్నాను. తప్పు కాదక్కా. నువ్వు రాసింది మొదటి నుంచీ రైటే.