సుగుణమ్మ తీసిన గాజులు

మొన్న పొద్దున స్టౌ మీది టీ గిన్నెలో ఎవరో చెంచా మరిచిపోయారు. నీళ్లు మరిగి అది అంచుకు తగులుతూ గలగలమంటుంటే నా చేతులు వాటంతటవే ముందుకు చాచుకున్నాయి, ఎవరో నీళ్లు పోస్తారన్నట్టు. కాన్పుకు ముందు కత్తెరలు నీళ్లలో మరిగే చప్పుడు అట్లాగే ఉంటుంది. ఆ చప్పుడు విన్నాకే గర్భిణిని ముట్టుకోవాలని నాకు నేర్పింది సుగుణమ్మ.

కృష్ణ మీద ఆనకట్ట కడుతున్న రోజులవి. నల్లగొండ దగ్గరి ఒక ప్రసూతి దవాఖానలో పల్లె ఆడవాళ్లకు కాన్పు పని నేర్పేవారు. మాకు నేర్పే నర్సు సుగుణమ్మది హుజూర్‌నగర్ వైపు ఊరు. సన్నటి మనిషి, బోసి చేతులు. నేర్చుకునే ఆరుగురిలో లంబాడా తండా నుంచి వచ్చింది నేనొక్కదాన్నే. మా అక్క పురిటి నొప్పులతో బండిలో పడుకుని, దవాఖాన చేరకముందే పోయింది. తండాలో ఇంకెవరూ అట్లా పోకూడదనే ముప్పై ఏళ్లు వచ్చాక, అక్షరం ముక్క రాకుండా అంత దూరం వెళ్లాను.

నాలుగో రోజే అడ్డంకి వచ్చింది. చేతులు మోచేతుల దాకా కడుక్కోవాలి, గాజులుంటే మురికి పోదు, తీయకపోతే ఇంటికి పొమ్మని దవాఖాన పెద్ద నర్సు చెప్పింది. ఆమె చెప్పింది తప్పు కాదు. కానీ నా చేతులకు భుజాల దాకా తెల్లటి గాజులు. పెళ్లినాడు, పన్నెండేళ్లప్పుడు తొడిగినవి. చేయి పెరిగింది గానీ గాజు పెరగదు కదా. ఇక పగలగొట్టడమే దారి. మాలో మొగుడు పోయిన రోజునే గాజులు పగలగొడతారు. మా ఆయనేమో ఆవులు మేపుకుంటూ నిక్షేపంగా ఉన్నాడు. నేను బట్టలు మూట కట్టుకున్నాను.

గుమ్మం దగ్గర సుగుణమ్మ ఎదురైంది. ఎక్కడికని అడిగితే, గాజులు పగలగొట్టుకుని పోతే మా అత్త తన కొడుకు పోయాడని శోకం పెడుతుందని చెప్పాను. ఆమె నా చేయి పట్టుకుని గాజులను కింది నుంచి పై దాకా చూసింది.

"గిండ్ల మొగని పేరు మీదియి ఏవి, మంగ్లీ?"

అప్పటిదాకా ఆ మాట నన్నెవరూ అడగలేదు.

"మోచెయ్యి పైనియి, అక్కా. కిందియి మా అమ్మ తొడిగింది. అవి తియ్యొచ్చు గని, పగలకుంట రావు."

ఆమె తన బోసి చేతులు చూసుకుంది. "నాయి పగలగొట్టిండ్రు, పదహారేండ్లకు," అంది. "నీయి పగలనియ్య. కూసో."

పైవాటి జోలికి రావద్దని పెద్ద నర్సును ఒప్పించి వచ్చి, ఎర్ర సబ్బు, ఆముదం తీసుకుని నా ముందు కూర్చుంది. బొటనవేలు లోపలికి మడిచి, కీలు నొక్కి, గాజును వెంట్రుకవాసి చొప్పున జరిపేది. చేయి వాస్తే చల్లనీళ్లలో పెట్టించి ఆగేది. నేను మూలిగితే నవ్వింది.

"ఆవులోళ్ల పిల్లవు, దూడ ఈనంగ సూడలేదా? గిది గూడ గంతే. తొందరపడితే ఇద్దరికీ నొప్పే."

దీపాలు పెట్టే వేళకు పద్దెనిమిదో గాజు కూడా వచ్చింది. తోలు లేచిపోయిన నా చేతులకు మందు రాసి, గాజులన్నీ కట్టుగుడ్డ పేలికకు గుచ్చి ముడి వేసింది.

ఆదివారం ఆమే నాతో తండాకు వచ్చింది. మా అత్త నా ముఖం చూడలేదు, చేతులే చూసింది. కూలబడి శోకం ఎత్తుకోబోతుంటే సుగుణమ్మ నా పైట జరిపి మోచేతి పై గాజులు చూపించింది. "ఈడ జూడు అవ్వా. నీ కొడుకు పదిలంగ ఉన్నడు." తర్వాత పేలికను ఆమె ఒళ్లో పెట్టింది. అత్త ఒక్కో గాజునూ వేలితో తడిమి, పగులు కోసం వెతికింది. ఎక్కడా దొరకలేదు. చివరికి ఆమె నోటి నుంచి వచ్చిన మాట ఒక్కటే: "తిన్నవా, బిడ్డా?"

నేను శిక్షణ పూర్తి చేశాను. సాయంత్రాలు మందు సీసాల మీది కాగితాలు చూపించి సుగుణమ్మే నాకు అక్షరాలు దిద్దించింది. తిరిగి వచ్చాక నేను చేసిన మొదటి కాన్పు మా తోటికోడలిది. చెంబు తెచ్చింది అత్తే. "మోచేతుల దాకా చాపు," అని తనే నీళ్లు పోసింది. ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా బతికారు. ఆ తర్వాత ఏ ఇంటికి పోయినా నీళ్లు కాగేలోపు ఆ మనిషి పక్కన కూర్చుని, ఏది తీయవచ్చో, ఏది తీయకూడదో ముందు అడిగేదాన్ని.

సుగుణమ్మ పోయి చాలా ఏళ్లైంది. నిరుడు మా ఆయన కూడా పోయాడు. పై గాజులు పగలగొట్టడానికి ఆడవాళ్లు రాయి తెచ్చారు. రాయి పక్కన పెట్టమన్నాను. సబ్బు, ఆముదం తెప్పించుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాను. ముసలి చేయి, కీళ్లు బిగుసుకుపోయాయి. పాపం, మా కోడలు గాజును గట్టిగా లాగబోతుంటే నేనే చెప్పాను, తొందరపడొద్దని. పొద్దు వాలేసరికి అన్నీ వచ్చాయి. అత్త దాచి ఉంచిన పాత పేలిక ముడి విప్పి, వాటిని కూడా అందులోనే గుచ్చాను.