వంతెన అవతలి మనుబోతు

కేసముద్రం చుట్టుపక్కల ఊళ్లలో అడవిపందులు మక్కచేన్లో పడ్డాయంటే సుకన్యకు ఫోన్ వస్తుంది. ఆమె దగ్గర రెండు గొట్టాల తుపాకి ఉంది, దానికి లైసెన్సు ఉంది. పంచాయతీ అనుమతి కాగితం చూడందే ఆమె ఇల్లు కదలదు. చూశాక సర్పంచు చాయ్ తాగమన్నా ఆగదు, నేరుగా చేనుకే పోతుంది. కోపిష్టి మనిషని పేరు. ఆమె భర్త మధు ట్రాలీ ఆటో నడుపుతాడు. "మా ఇంట్ల తుపాకి కంటె ముందు ఈమెనే పేలుతది" అని నలుగురిలో నవ్వుతాడు.

ఆ తుపాకి ఆమె తండ్రి రాయమల్లుది. పంట కాపలా కోసం తీసుకున్నది. దాన్ని తుడవడం, తూటా ఎక్కించడం, గాలి ఎటు వీస్తుందో చూసి కూర్చోవడం అన్నీ కూతురికి నేర్పాడు గానీ, తాను బతికినన్నాళ్లు ఒక్కసారి కూడా పేల్చనివ్వలేదు. "లైసెన్సు నా పేరు మీదున్నది బిడ్డా. నువ్వు కొడితే ఇద్దరం జైల్ల కూసుంటం" అనేవాడు. ఆయన పోయాక లైసెన్సు తన పేరుకు మార్చమని ఆమె ఆఫీసు చుట్టూ తిరిగింది. అక్కడొకాయన "ఇంట్ల మగోళ్లు లేరామ్మా?" అని అడిగాడు.

"ఉన్నడు. పందిని చూస్తె ఆటో ఎక్కి దుంకిచ్చుకుంట పోతడు. నాకే ఇయ్యిండ్రి" అంది సుకన్య.

ఇచ్చారు.

గోదావరి అవతల, మహారాష్ట్ర వైపు, ఆమె మేనమామ కొడుకు దేవదాసు ఉంటాడు. సిరొంచ దాటి కొంత దూరం పోతే ఆ ఊరు. అక్కడ మాట్లాడేది తెలుగే, పండించేది శనగ, పత్తి. కాళేశ్వరం వంతెన ఎక్కి దిగితే రాష్ట్రం మారిపోతుంది, అంతే. పోయిన ఏడాదికి ముందు ఏడాది చలికాలంలో దేవదాసు ఫోన్ చేశాడు.

"మరదలా, మనుబోతులు మందకు మంద దిగుతానయి. గుర్రమంత ఉన్నది ఒక్కొక్కటి. తినేది తక్కువ, తొక్కేది ఎక్కువ. రాత్రంతా డబ్బాలు కొట్టినా కదులుత లెవ్వు. ఇక్కడ అడవి ఆఫీసోళ్లు కొట్టనిస్తమంటాండ్లు. కొట్టేటోళ్లె లేరు."

నీల్‌గాయి అని కూడా పిలిచే ఈ మనుబోతును సుకన్య దూరం నుంచి చూసిందే గానీ ఎన్నడూ కొట్టలేదు. పంది వేరు. పందిని చూస్తే ఆమెకు పళ్లు నూరాలనిపిస్తుంది. మనుబోతు తల ఎత్తి నిలబడి మనిషి వంక చూస్తుంది. అయినా బావ చేను గదా అని సరేనంది. తీరా విచారిస్తే ఆమె లైసెన్సు తెలంగాణ దాటి చెల్లదట. వంతెన మీద సగం దాకా ఆమె లైసెన్సుదారు, మిగతా సగం నేరస్థురాలు.

"మనుబోతుకు లేని లైసెన్సు నాకెందుకు?" అని మధు మీద అరిచింది.

"నా మీద అరిస్తె నేనిస్తనా?" అన్నాడు మధు.

అప్పుడే మహిపాల్ కల్పించుకున్నాడు. హన్మకొండలో అతనికి విత్తనాలు, పురుగుమందుల దుకాణం ఉంది. లైసెన్సున్న వాళ్లందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఏ ఊరికి ఎవరు పోవాలో తానే చెబుతుంటాడు. "అక్కా, మీరు ఫికర్ చెయ్యకుండ్రి. నేను చూసుకుంట" అన్నాడు. చూసుకున్నాడు కూడా. లైసెన్సు అవతలి రాష్ట్రంలో చెల్లేలా చేయించాడు. అక్కడి ఆఫీసుకు సుకన్య పేరు రాయించి, ఏటి గడ్డ మీద సర్కారు జాగాలో కొట్టడానికి అనుమతి తెప్పించాడు. ఆమె జన్మలో మరొకరికి అంత మర్యాద ఇచ్చి ఎరగదు. మహిపాల్‌ను సార్ అని పిలిచేది.

బయలుదేరడానికి రెండు రోజుల ముందు, ఎక్కడ కూర్చోవాలో, ఏ దారిన పోవాలో మాట్లాడుకుందామని అతను దుకాణానికి రమ్మన్నాడు. సుకన్య పోయేసరికి వెనక గదిలో ముగ్గురు మగవాళ్లు కొత్త చొక్కాలు తొడుక్కుని అద్దంలో చూసుకుంటున్నారు. ఆకులు, కొమ్మలు అచ్చేసిన చొక్కాలు. హైదరాబాద్ నుంచి వచ్చిన భూముల వ్యాపారులని మహిపాల్ పరిచయం చేశాడు. జీపు వాళ్లదే. పెద్ద లైట్లు కూడా వాళ్లే తెస్తున్నారట.

"వీళ్లెందుకు సార్?" అంది సుకన్య.

మహిపాల్ జవాబు చెప్పేలోపే వాళ్లలో ఒకతను నవ్వుతూ అందుకున్నాడు. "మేం మీ గెస్టులం అమ్మా. మీరు పక్కన నిలవడుండ్రి, మీ తుపాకితోని కొట్టుడు మేం కొడ్తం. పర్మిషన్ మీ పేరు మీదనే గదా, లెక్క మీదే. కొమ్ములు మాత్రం మాకు కావాలె."

ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి.

"నా తుపాకితోని వీళ్లు కొడ్తరా?"

"అక్కా, జర నెమ్మది" అన్నాడు మహిపాల్. "అక్కడ చూసేటోడెవడున్నడు? మీ బావ చేను బాగుపడుతది, వీళ్ల సరదా తీరుతది. మీకేం నష్టం?"

"నష్టమా? రేపు గురి తప్పి ఏ పసులకాపరికో తగిల్తె జైలుకు నువ్వు పోతవా, నేను పోవాల్నా?" సార్ పోయింది, మీరు పోయింది. "దెబ్బ తిన్న జంతువు పొదల్ల వడి కొట్టుకుంటాంటె దాని ఎంబడి ఎవడు పోతడు? ఈ రంగుల అంగీలోడు పోతడా? లైట్లు పెట్టి జీపుల నుంచి కొడ్తరట! నన్ను ముసుగు లెక్క ఏసుకుందామనుకున్నవా?"

"ఆడమనిషివని ఊకుంటాన. గ్రూపుల నుంచి తీసేస్త."

"నువ్వు తీసేసుడేంది? నేనే ఉమ్మేసి పోతాన!"

దుకాణం ముందు జనం పోగయ్యారు. ఆమె వాళ్లనూ తిట్టుకుంటూ బస్టాండుకు నడిచింది. ఇంటికి పోయినా కోపం దిగలేదు. మహిపాల్ మీద సగం, అతన్ని సార్ అన్నందుకు తన మీద సగం. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వంతెన దాటి, అక్కడి అటవీ అధికారిని కలిసి జరిగింది చెప్పి, మహిపాల్ మీద ఫిర్యాదు రాసిచ్చింది. ఆయన ఆ అనుమతి రద్దు చేశాడు. మళ్లీ కావాలంటే కొత్తగా అడుక్కోవాలి, ఈ పంటకాలంలో కుదరదని కూడా చెప్పాడు.

ఆ మాట చెప్పడానికి దేవదాసు చేనుకు పోయింది. అతను గట్టు మీద కూర్చుని ఉన్నాడు. శనగచేను సగం నేలకు అంటుకుపోయి ఉంది.

"ఆ ముగ్గురు వస్తున్నరని నీకు తెలుసునా బావా?" అని అడిగింది.

అతను తల ఎత్తలేదు. "మహిపాల్ చెప్పిండు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తె నువ్వు రావు గద!" దేవదాసు గొంతు ఒక్కసారిగా లేచింది. "కొట్టేది ఎవలైతె నాకేంది? నా చేను దక్కాలె. నీకు నీ కోపమే పెద్దది. పో, దాన్నే తిను!"

సుకన్య కూడా అరిచింది. చిన్నప్పటి సంగతులన్నీ బయటికొచ్చాయి. దేవదాసు భార్య విమలమ్మ నీళ్ల చెంబు పట్టుకుని ఇద్దరి మధ్యా నిలబడింది. ఎవరూ ఆ నీళ్లు తాగలేదు. ఆ ఏడు దేవదాసు ఇంటికి చేరిన శనగలు విత్తనానికి కూడా సరిపోలేదని తరువాత చుట్టాల ద్వారా తెలిసింది. తాను చేసింది తప్పు కాదని సుకన్యకు తెలుసు. తెలిసినా ఆ ఏడంతా శనగపప్పు తెచ్చిన ప్రతిసారీ మధు మీద విసుక్కునేది.

మరుసటి ఏడు వానలు తగ్గుముఖం పడుతుండగా విమలమ్మ ఫోన్ చేసింది.

"చెల్లే, మీ బావ అడుగడు. నేనడుగుతాన. ఈసారి కూడ పంట పోతే మేం కూలికి పోవాలె."

ఈసారి సుకన్య ఎవరినీ నడుమ పెట్టుకోలేదు. దరఖాస్తు తానే పెట్టింది. ఆఫీసుకు తానే తిరిగింది. తిప్పిన వాళ్లను తిట్టింది, తిట్టినందుకు ఇంకో రెండు సార్లు తిరిగింది. అనుమతి వచ్చాక మధును తీసుకుని తుపాకి లేకుండానే ముందొకసారి పోయి ఏటి గడ్డంతా నడిచింది. మనుబోతులు రోజూ ఒకే చోట పెంట వేస్తాయి. ఆ కుప్పలు చూసి అవి వచ్చే దారి పట్టుకుంది. ఊరు వెనక వైపు ఉండాలి, తూటా ఏటి వైపే పోవాలి. గాలి పొద్దున ఏటి మీది నుంచి ఒడ్డుకు వస్తోంది. ఒడ్డున సర్కారు తుమ్మల మధ్య ఒక చోటు ఎంచుకుంది. లైట్లు లేవు, జీపు లేదు. తెల్లారాకే కొట్టాలి.

దేవదాసు దూరంగా నిలబడి చూశాడు, పలకరించలేదు. కానీ తరువాత ఆమె తుపాకితో వచ్చేసరికి ఆ చోట ముళ్లన్నీ కొట్టేసి, కూర్చోవడానికి గోనెపట్టా పరిచి ఉంది.

మంచు విడుతుండగా మంద వచ్చింది. ముందు గోధుమరంగు ఆడవి, వెనక నీలిబూడిద రంగు పోతు. అది చేను అంచున ఆగి తల ఎత్తింది. సుకన్య దాని భుజం వెనకకు గురి చూసి కొట్టింది. అది పడలేదు. ఇసుకలోకి పరుగెత్తింది. ఆమె తుపాకి పట్టుకుని వెంట పరుగెత్తింది. చీర ముళ్లకు చిరిగింది. నీటి అంచున అది ముందుకాళ్ల మీద కూలబడి ఇంకా లేవాలని చూస్తోంది. దగ్గరగా పోయి రెండో తూటా కొట్టింది. అప్పుడు అది కదలడం ఆగింది.

చప్పుడు విని ఊరు ఊరంతా వచ్చింది. ఒకడు ఫోన్ తీసి దాని కొమ్ముల దగ్గర కూర్చున్నాడు. ఇంకొకడు "గింత మాంసం మట్టిల పెడ్తరా?" అన్నాడు.

"లేవుర అక్కడ్నుంచి!" సుకన్య అరుపుకు ఫోన్ చేతిలోంచి జారింది. "చంపింది తినేతందుకు కాదు, ఆడేతందుకు కాదు. మీ చేన్లు ఆగుత లెవ్వని చంపిన. సిగ్గుండాలె జర!"

అటవీ గార్డు పంచనామా రాసుకుని, రూలు ప్రకారం అక్కడే పూడ్చమన్నాడు. గొయ్యి తవ్వడానికి దేవదాసు పార తెచ్చాడు. ఒక్కడే మొదలుపెట్టాడు. కాసేపు చూసి మధు కూడా దిగాడు. మట్టి కప్పడం అయ్యాక దేవదాసు చేతులు దులుపుకుంటూ "తిన్నవా?" అని అడిగాడు. ఏడాది తరువాత అతను ఆమెతో మాట్లాడిన మొదటి మాట అది.

"ఎక్కడ తిన్న? పొద్దట్నుంచి నీ చేన్లనే ఉన్న గద" అంది.

మంద మళ్లీ ఆ చేను వైపు రాలేదు. దేవదాసు పంట ఇంటికి చేరింది. అయితే మనుబోతులు ఎక్కడికీ పోలేదు, ఏటి ఎగువన ఇంకో ఊరి మీద పడ్డాయి. నెల తిరగకుండానే ఆ ఊరి వాళ్లు సుకన్యకు ఫోన్ చేశారు.

"ఇట్ల ఊరూరు తిరిగి ఎన్నిటిని సంపాలె నేను? కంచెకు అడిగిండ్రా ఎవల్నన్న? మొదలు అది అడుగుండ్రి!" అని ఫోన్ పెట్టేసింది. పెట్టేశాక చాలాసేపు వాకిట్లో అటూ ఇటూ తిరిగింది.

మహిపాల్ దుకాణం బాగానే నడుస్తోంది. గ్రూపు కూడా నడుస్తోంది. అతని మీద ఆమె రాసిచ్చిన ఫిర్యాదు ఏమైందో ఎవరూ చెప్పలేదు. హన్మకొండ పోయినప్పుడు మధు ఆ వీధి తప్పించి ఆటోను చుట్టూ తిప్పుతాడు. ఆమె ఊరుకోదు.

"భయపడి చుట్టూ తిరుగుడేంది? వాని దుకాణం ముందటి నుంచే పోనియ్యి" అంటుంది.