రాళ్లు లేని నొప్పి

కాలర్లు కుట్టడంలో ఆమెకు తిరుగులేదు. చొక్కాల కార్ఖానాలో ఆమె చెయ్యి పడిన కాలరు ముడతపడిందని వెనక్కి వచ్చిందే లేదు. అలాంటి మనిషి భోజనం చేసిన కాసేపటికే కుడి డొక్క పట్టుకుని మిషను మీదికి వాలిపోయేది.

స్కానింగుల మీద స్కానింగులు. ఏ డాక్టరును అడిగినా "అంతా బాగానే ఉంది" అనేవారు. బాగానే ఉంటే ఈ ప్రాణం తీసే నొప్పేమిటి మరి? వడ్రంగి పని చేసే భర్త మొదట్లో కంగారుపడ్డాడు, తర్వాత విసుక్కున్నాడు, చివరికి "పని ఎగ్గొట్టడానికి భలే దొరికిందిలే" అనేశాడు. ఆ మాటకు ఆమె మనసు విరిగిపోయింది.

అదే ఇంట్లో తోడికోడలికి పిత్తాశయం తీసినప్పుడు గుప్పెడు రాళ్లు వచ్చాయి. ఆవిడ వాటిని సీసాలో పోసి అద్దాల బీరువాలో పెట్టుకుంది. వచ్చినవాళ్లందరికీ చూపించడమే పని! నగలకు కూడా అంత మర్యాద జరగదు.

చివరికి ఒక సర్జను నరంలోకి మందెక్కించి తీసే స్కానింగు రాశాడు.

"రాళ్లు లేవమ్మా. కానీ మీ పిత్తాశయం ముడుచుకోవాల్సినంత ముడుచుకోవడం లేదు. తీసేస్తే నొప్పి తగ్గొచ్చు, తగ్గకపోనూ వచ్చు. ఆలోచించుకోండి."

తగ్గకపోతే జన్మంతా నాటకాలమ్మగానే మిగిలిపోవాలి. ఆ భయంతోనే ఆపరేషన్ బల్ల ఎక్కింది.

స్పృహ రాగానే భర్త అడిగిన మొదటి మాట, "రాళ్లేవీ?"

చూడవచ్చిన వాళ్లదీ అదే ప్రశ్న. ఒళ్లు మండదూ? ఆమె మాత్రం గోడవైపు తిరిగి పడుకునేది. కుట్లు మానాయి. కడుపునిండా తిని, భయం భయంగా నొప్పి కోసం కాచుకుంది. రాలేదు. చెబితే నమ్మేదెవరు?

ఒక మధ్యాహ్నం తోడికోడలు కొంగుచాటున సీసా తెచ్చి, రెండు రాళ్లు ఆమె అరచేతిలో పెట్టింది.

"ఇవి నీవేనని చెప్పు చెల్లీ, అందరి నోళ్లూ మూతపడతాయి. నన్ను మాత్రం ఊరికే నమ్మారా ఏమిటి? ఇవి బయటపడ్డాకే కదా!"

ఆమె గుప్పిట బిగిసింది. అంతలో భర్త గుమ్మంలోకి వచ్చాడు.

"ఏమిటవి?"

అవునని ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఆమె రాళ్లను తిరిగి సీసాలో వేసేసింది.

"అక్కవి. నాకు రాళ్లు లేవు. నొప్పి ఉండేది. ఇప్పుడది లేదు."

అతను మంచం అంచున కూలబడ్డాడు.

"రాళ్లేవీ అని అడిగాను గానీ, నొప్పెలా ఉందని అడగనే లేదు కదూ?"

"అడగలేదు," అంది.

నొప్పి ఉన్నన్నాళ్లూ ఆపుకున్న ఏడుపు ఆమెకు అప్పుడొచ్చింది.