మందుల డబ్బా మూత

మా వెనక గల్లీ సిస్టరమ్మ పోయింది. మంగళవారం పొద్దున పాలాయన చెప్పాడు. వింటూనే మా అత్తమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"జిందగంత నెత్తురు, చీము కడిగిన చేతులు. నువ్వు గా ఇంటికి పోకు" అంది.

అత్తమ్మ ఇవాళ బతికి ఉన్నదే ఆ చేతుల వల్ల.

రెండేళ్ల కింద అత్తమ్మకు పిత్తాశయంలో రాళ్లు తీయడానికి మెదక్‌లోనే ఒక దవాఖానలో చేర్చాం. సిస్టరమ్మ అక్కడ ఆపరేషన్ థియేటర్ నర్సు. గుండెదడకు అత్తమ్మ రోజూ పొద్దున అర గోలీ వేసుకుంటుంది. ఇచ్చేది నేనే. ఆ మాట బయటపడితే ఇక్కడ కాదు, హైదరాబాద్ పొమ్మంటారని అత్తమ్మ పెద్దకొడుకు, మా బావ, అందరి నోళ్లూ మూయించాడు.

"రోజూ ఏమన్న గోలీలు వాడుతదా?" సిస్టరమ్మ అడిగింది.

"ఏం లేవు. మా అమ్మ రాయి లెక్కుంటది" అన్నాడు బావ.

"రాళ్లున్నయనే గద తెచ్చిండ్రు" అని నవ్వి, ఆమె నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత.

అత్తమ్మ గాజులు తీయాలని సిస్టరమ్మ నన్ను లోపలికి పిలిచి తలుపేసింది.

"మందుల డబ్బా మూత తీసేది నువ్వే గదా? జర చెప్పు బిడ్డా. ఆపరేషన్‌కు కండలన్నీ సడలిస్తరు. మళ్ల బలమొచ్చెటందుకు ఇచ్చే సూది గుండెను మెల్లగ చేస్తది. గుండె గోలీ గూడ ఉంటే ఇంకింత జారుతది. ముందుగల్ల తెలిస్తే మేం తయారుంటం."

చెప్పేశాను.

ఆ సూది వేశాక అత్తమ్మ గుండె నిమిషానికి నలభై సార్లు కొట్టుకునేదాకా దిగిందట. తయారుగా పెట్టుకున్న మందు వెంటనే ఎక్కించారట. నోరెందుకు తెరిచావని బావ వరండాలోనే నన్ను తిట్టాడు.

"ఆమె నోరు తెరిస్తేనే మీ అమ్మ కండ్లు తెరిచింది" అంది సిస్టరమ్మ.

తర్వాత గల్లీలో ఎదురైనప్పుడల్లా నా మణికట్టు పట్టి వాచీ చూసేది. "నాడి మంచిగనే ఉరుకుతుంది. మాటనే బయటికొస్తలేదు" అనేది. ఆ చేతులు ఎప్పుడూ సబ్బు వాసన వచ్చేవి.

మంగళవారం నేను ఒక్కదాన్నే వెళ్లాను. గోళ్లు పొట్టిగా కత్తిరించిన ఆ చేతులు పట్టుకుని కాసేపు కూర్చున్నాను.

తిరిగొచ్చేసరికి మా గేటు దగ్గర బకెట్‌తో నీళ్లు.

"తానం చేసినంకనే లోపలికి రా" అంది అత్తమ్మ.

బకెట్ దాటి లోపలికి వెళ్లాను. అదే చేత్తో డబ్బా మూత తీసి, పొద్దున ఇవ్వాల్సిన గోలీ విరిచి, అరచేయి చాపాను. అత్తమ్మ నా చేతిని చాలాసేపు చూసింది. తర్వాత కొంగు అంచుతో ఆ అర గోలీని తీసి, నోట్లో వేసుకుంది.