చంపకుండా పండిన కాయ

గడ్డిలో మాగేసిన మామిడిపళ్ల వాసన తగిలితే అందరికీ నోరూరుతుంది. నాకు గుండె దడదడలాడుతుంది.

నా చిన్నప్పుడు ఒక వేసవిలో, నరసాపురంలో అమ్మమ్మగారింట్లో, మామిడికాయలు మాగేసిన గది పక్కనే అమ్మ పురిటినొప్పులు పడుతోంది. మంత్రసాని పొద్దున్నించీ బయటికి రాలేదు. తాతయ్య నన్ను వసారాలో కూర్చోబెట్టుకుని, సుద్దతో అష్టాచెమ్మా గళ్లు గీసి, ఆడడానికి చింతపిక్కలు, గవ్వలు పెట్టారు.

"చింతపిక్కని కాయ అంటారేంటి తాతయ్యా?"

"దారిలో ఉన్నంతసేపూ కాయేనమ్మా. నడిగడికి చేరితే పండు. మన గడ్డిలో కాయలు పండట్లేదూ, అలాగే."

ఆటలో ఆయన మహా నిక్కచ్చి. అవతలివాళ్ల కాయని ఒక్కటైనా చంపందే లోపలి గళ్లలోకి రానిచ్చేవారు కాదు. ఆయన కాయ నాకు నాలుగు గళ్ల ముందుంది. గవ్వలు వేస్తే సరిగ్గా నాలుగే పడింది.

"చంపేశా!" అని అరిచాను.

అప్పుడే లోపల అమ్మ కేక పెట్టింది. ఆ తర్వాత చప్పుడు లేదు.

తాతయ్య నా చెయ్యి పట్టుకున్నారు. "ఇవాళ చంపడాలు వద్దమ్మా. ఊరికే పండించుకో" అంటూ నా కాయని తనే నడిగడిలో పెట్టారు.

"ఇది దొంగాట!" అని ఏడుపు లంకించుకున్నాను. ఆయన తలుపు వైపే చూస్తున్నారు. కాసేపటికి లోపలినించి ఇంకో ఏడుపు వినిపించింది. తమ్ముడు.

ఇవాళ మళ్లీ అదే వాసన. పక్కగదిలో నా కూతురు నొప్పులు పడుతోంది. దాని పెద్దపిల్ల నా ఎదురుగా గవ్వలు వేస్తోంది.

"చంపకుండా లోపలికి రాకూడదుగా అమ్మమ్మా?"

"ఇవాళ రావచ్చులే."

"దొంగాట" అని అది మూతి ముడిచింది.

నేను తలుపు వైపే చూస్తున్నాను.